‘ఆ...’ అను బంగారం!

పళ్ళు తోమించుకోనని మొండికేసే పిల్లలున్న ఇంట్లో ప్రతి రాత్రీ ఒక గొడవే. తిట్టకుండా, బెదిరించకుండా, చాక్లెట్ లంచమివ్వకుండా పాలపళ్ళను కాపాడుకునే దారి ఉంది.

రాత్రి తొమ్మిదిన్నర. అన్నం తినడం అయింది, గ్లాసుడు పాలు తాగడమూ అయింది. అమ్మ బ్రష్షు పట్టుకుని పిలుస్తుంది. నాలుగేళ్ళవాడు మంచం కిందికి దూరతాడు. ‘పొద్దున తోముకున్నాగా!’ అంటాడు. బయటికి లాగితే ‘మంట పుడుతుంది’ అంటాడు. అదీ పనిచేయకపోతే పెదాలు రెండూ బిగబట్టి తల అడ్డంగా ఊపుతాడు. లోపలి గదిలోంచి నానమ్మ, ‘పోనీలేవే, వాడికి నిద్రొస్తోంది. ఎలాగూ ఊడిపోయే పళ్ళేగా!’ అంటుంది. పొద్దున్నుంచీ పనిచేసి ఒళ్ళు హూనమైన అమ్మకు ఆ మాట సాయంగానే వినపడుతుంది. బ్రష్షు మళ్ళీ స్టాండులోకి వెళ్ళిపోతుంది.

నానమ్మ ప్రేమతోనే అంది. కానీ మన పిల్లల నోటికి అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఆ ఒక్క మాటే.

ఊడిపోయేవే... కానీ ఎప్పుడు?

పాలపళ్ళు మొత్తం 20. ఆరో నెల అటూ ఇటూగా మొదలై, మూడో పుట్టినరోజు నాటికి దాదాపు అన్నీ వచ్చేస్తాయి. ముందు పళ్ళు ఆరేడేళ్ళకు ఊడతాయి. ఊడిన పన్నును ఇంటిమీదికి విసరడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. దవడ పళ్ళ సంగతి అలా కాదు. అవి పది, పన్నెండేళ్ళ వరకు నోట్లో ఉండాల్సినవి. మూడేళ్ళకు పుచ్చిన దవడ పన్నుతో ఆ బిడ్డ ఇంకో ఏడెనిమిదేళ్ళు అన్నం నమలాలి, జొన్నరొట్టె కొరకాలి, రాత్రుళ్ళు నిద్రపోవాలి.

పైగా పాలపన్ను మీద ఉండే ఎనామిల్ పొర, శాశ్వత దంతం మీది పొరలో దాదాపు సగం మందమే ఉంటుంది. అందుకే పుచ్చు పట్టిందంటే తొందరగా నరం దాకా దిగిపోతుంది. అప్పుడు బుగ్గ వాస్తుంది, చీము పడుతుంది, జ్వరమొస్తుంది. పిల్లవాడు ఒకవైపే నమలడం, చల్లటి నీళ్ళు తాగనని మారాం చేయడం, ‘అన్నం సరిగ్గా తినడం లేదండీ’ అని పిల్లల డాక్టరు దగ్గర అమ్మానాన్నలు వాపోవడం... వీటి వెనక చాలాసార్లు ఉండేది పిప్పిపన్నే. పోనీ పీకించేస్తే సరిపోతుందా అంటే, పక్కనున్న పళ్ళు ఆ ఖాళీలోకి జరుగుతాయి. కింద తయారవుతున్న శాశ్వత దంతానికి చోటు మిగలక వంకరగా వస్తుంది. పదమూడేళ్ళకు క్లిప్పుల కోసం పెట్టే వేల రూపాయల ఖర్చుకు, మూడేళ్ళప్పుడు వదిలేసిన రాత్రి బ్రష్షే కొన్నిసార్లు కారణం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం పాలపళ్ళు పుచ్చిన పిల్లలు ప్రపంచంలో 51 కోట్ల మందికి పైనే. శుభ్రత, పేస్టు, కాస్త క్రమం ఉంటే చాలావరకు రాకుండా ఆపగల జబ్బు ఇది.

పొద్దున శుచి, రాత్రి రక్షణ

పొద్దున్నే పళ్ళు తోమాలని తెలుగువాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. పాచినోటితో మంచినీళ్ళు కూడా ముట్టని ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. వేప పుల్ల, కానుగ పుల్ల, ఉప్పు, బొగ్గు, కచ్చిక, ఎర్ర పళ్ళపొడి... సాధనాలు మారుతూ వచ్చాయిగానీ పొద్దుటి నియమం చెక్కుచెదరలేదు. రాత్రి విషయానికొచ్చేసరికి మాత్రం నోరు పుక్కిలించి ఊస్తే సరే అనుకున్నాం. నిజానికి చరక సంహిత పందుంపుల్లను రోజుకు రెండు పూటలా వాడమనే చెప్పింది. మనం ఒక పూటను నిలబెట్టుకుని రెండోదాన్ని వదిలేశాం. పిల్లల విషయంలో, వదిలేసిన ఆ పూటే ముఖ్యం.

తిన్నదాంట్లోని చక్కెరను, పిండిని నోట్లోని సూక్ష్మజీవులు ఆమ్లంగా మారుస్తాయి. తిన్న కొద్ది నిమిషాల్లోనే పంటి మీద ఆమ్లం పెరుగుతుంది. పీహెచ్ 5.5 కంటే దిగితే ఎనామిల్‌లోంచి కాల్షియం, ఫాస్ఫేట్ కరిగి బయటికి పోతాయి. పగలైతే లాలాజలం ఊరుతూ ఆ ఆమ్లాన్ని కడిగేస్తుంది, పోయిన ఖనిజాలను కొంత తిరిగి పంటికి చేరుస్తుంది. అరగంట, గంటలో పన్ను తేరుకుంటుంది. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. కాబట్టి పడుకునేముందు తాగిన చక్కెర పాలు, నోట్లో పాల సీసాతోనే జోకొట్టి పడుకోబెట్టడం, బుగ్గన మిగిలిన బిస్కెట్ ముద్ద రాత్రంతా పంటి మీద పనిచేస్తూనే ఉంటాయి. రెండేళ్ళు నిండని పిల్లల పైపళ్ళు నాలుగూ ఒకేసారి గోధుమరంగుకు తిరిగి అరిగిపోయినట్టు కనిపించడం చూసే ఉంటారు. చాలాసార్లు అది పాలసీసా చేసిన పని. కింది ముందు పళ్ళను నాలుక కప్పి ఉంచుతుంది కాబట్టి అవి బాగానే ఉంటాయి.

బుగ్గన అన్నం పెట్టుకోవడం మన ఇళ్ళలో మరీ ఎక్కువ. ఫోన్ చూపిస్తూ ముద్ద పెడతాం. పిల్లది నమలదు, మింగదు. ముద్ద బుగ్గలోనే ఉంటుంది. ‘మింగు తల్లీ, మింగు’ అంటూ గంటసేపు ఆ భోజనం సాగుతుంది. ఆ గంటా దవడ పళ్ళు మెత్తటి పిండిలో నానుతూ ఉన్నట్టే. తిండి అరగంటలో ముగించి, ఫోన్ పక్కన పెట్టించగలిగితే పళ్ళకు జరిగే మేలు ఏ ఖరీదైన బ్రష్షుతోనూ జరగదు.

తీపి గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. స్వీడన్‌లోని లుండ్ నగరం దగ్గర విపెహోల్మ్ అనే మానసిక వైకల్యం ఉన్నవారి ఆసుపత్రిలో 1940ల్లో ఒక ప్రయోగం జరిగింది. రోగుల అనుమతి లేకుండానే వాళ్ళకు పంటికి అంటుకునే టాఫీలు తినిపించి పళ్ళు ఎలా పాడవుతాయో చూశారు. క్షమించరాని అన్యాయమది. నోరు లేని ఆ మనుషులు అనుభవించిన నొప్పి నుంచే ఒక సత్యం తేలింది. ఎంత తీపి తిన్నారన్నదానికన్నా, రోజుకు ఎన్నిసార్లు, ఎంతసేపు నోట్లో ఉంచుకున్నారన్నదే పంటిని పాడుచేస్తుంది. దాంతో స్వీడన్‌లో పిల్లలకు శనివారం మాత్రమే మిఠాయిలు కొనిపెట్టే ఆనవాయితీ వచ్చింది.

మన ఇంట్లో దీన్ని పాటించడం కష్టమేమీ కాదు. సంక్రాంతికి అరిసెలు, పుట్టినరోజుకు కేకు హాయిగా తిననివ్వండి. భోజనంతో పాటు తింటే ఇంకా మంచిది. బడి వదలగానే ఒక లాలీపాప్, ట్యూషన్‌కి వెళ్తూ ఒక జెల్లీ, సాయంత్రం తాతయ్య జేబులోంచి రెండు చాక్లెట్లు, మధ్యమధ్య టీలో ముంచిన బిస్కెట్... ఇలా రోజంతా కొంచెం కొంచెంగా నోరాడటమే ప్రమాదం. తాతయ్యను నొప్పించకుండా చెప్పొచ్చు: ‘మామయ్యా, మీరు తెచ్చినవన్నీ ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక మీ చేత్తోనే పెట్టండి’ అని. తాతయ్య ముచ్చటా తీరుతుంది, మనవడి పళ్ళూ నిలుస్తాయి.

అసలు ఎందుకు వద్దంటున్నాడు?

మొండితనం అని పేరు పెట్టేముందు ఒక్కసారి నోట్లోకి టార్చిలైటు వేసి చూడండి. అప్పటికే పుచ్చిన పన్నుంటే బ్రష్షు తగిలినప్పుడల్లా నొప్పి పుడుతుంది. చెప్పడం రాని పిల్లలు ఆ నొప్పిని ‘వద్దు’ అనే చెప్తారు. ఆ పిల్లలకు కావలసింది డాక్టరే, బతిమాలడం కాదు.

‘మంట’ కూడా అబద్ధం కాదు. పెద్దల పేస్టులోని పుదీనా ఘాటు మూడేళ్ళ నాలుకకు నిజంగానే కారం. ఘాటు లేని, ఫ్లోరైడ్ ఉన్న పిల్లల పేస్టుకు మారితే సగం గొడవ ఆ రోజే తీరే ఇళ్ళున్నాయి. బ్రష్షు తల పెద్దదైతే గొంతుకు తగిలి ఓకరింత వస్తుంది. పై పెదవిని లోపల చిగురుకు కలిపే సన్నటి పొర ఒకటుంటుంది. బ్రష్షు దానికి కొట్టుకుంటే ప్రాణం పోయినట్టుంటుంది పిల్లలకు. ముందు పళ్ళు తోమేటప్పుడు మన చూపుడువేలు ఆ పొర మీద అడ్డుగా పెడితే చాలు. ఇవేవీ కాకపోతే, నిద్ర. కళ్ళు మూతలు పడుతున్న పిల్లను లేపి నోరు తెరవమంటే ఎవరు తెరుస్తారు? రాత్రి బ్రష్షును పడక సమయం నుంచి విడదీయండి. అన్నం తిని, పాలు తాగిన కాసేపటికి, ఇంకా ఆటలో ఉండగానే ఆ పని కానిచ్చేయండి. తర్వాత మంచినీళ్ళు తప్ప ఇంకేమీ ఇవ్వొద్దు. ఈ ఒక్క మార్పు అన్నిటికన్నా ఎక్కువ పనిచేస్తుందని నా గట్టి నమ్మకం.

ఇక మిగిలింది పంతం. రెండేళ్ళు దాటాక తన ఒంటి మీద తన మాటే చెల్లాలన్న పట్టుదల ప్రతి బిడ్డకూ వస్తుంది. ఎదగడానికి అది కావాలి కూడా. కాబట్టి తోమాలా వద్దా అన్నది అడగొద్దు. మిగతావన్నీ అడగండి. ఎర్ర బ్రష్షా, పచ్చ బ్రష్షా? అమ్మ తోమాలా, నాన్న తోమాలా? ముందు పైపళ్ళా, కిందివా? ఏ పాట పాడాలి? నిర్ణయాలు తనవైనప్పుడు నోరు తనంతట తనే తెరుచుకుంటుంది.

ఒళ్ళో తల పెట్టుకుని

ఎక్కువమంది పిల్లను అద్దం ముందు నిలబెట్టి, ఎదురుగా వంగి తోమబోతారు. తల వెనక్కి పోతుంది, బుగ్గ అడ్డమొస్తుంది, దవడ పళ్ళు కనిపించనే కనిపించవు. నేల మీదో మంచం మీదో కూర్చుని, బిడ్డ తలను మీ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకోండి, కాళ్ళు అటువైపు. ఇప్పుడు నోరంతా మీకు కనిపిస్తుంది, తల కదలదు, ఆ పిల్లకు మీ మొహం కనిపిస్తుంది. ఎడమచేత్తో పెదవి మెల్లగా ఎత్తి, బ్రష్షును పన్నూ చిగురూ కలిసేచోట కాస్త ఏటవాలుగా ఆనించి, చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు తిప్పాలి. నమిలే వైపు ముందుకూ వెనక్కూ. మొత్తం రెండు నిమిషాలు.

ఆ రెండు నిమిషాలూ కబుర్లతో గడవాలి. ‘ఏదీ, సింహం నోరు చూపించు నాన్నా... ఆ! అమ్మో, పొద్దుటి ఇడ్లీ ఇక్కడ దాక్కుంది చూడు. ఈ మూల ఎవరు? బిస్కెటా? రా, బయటికి రా!’ అని తిన్నవన్నీ ఒక్కొక్కటిగా వెతికి పట్టుకునే ఆట పిల్లలకు మహా ఇష్టం. పైన పది, కింద పది లెక్కపెడుతూ తోమితే అంకెలూ వస్తాయి. ముందు బొమ్మకు తోమించండి, తర్వాత మీ పళ్ళు తనచేత తోమించుకోండి, ఆ తర్వాత వంతు తనది. 1959లో ఆడెల్‌స్టన్ అనే అమెరికన్ దంతవైద్యుడు పిల్లల కోసం ఒక పద్ధతి చెప్పాడు. ముందు మాటల్లో చెప్పు, తర్వాత చూపించు, ఆ తర్వాతే చెయ్యి. పిల్లల దంతవైద్యులు ఇప్పటికీ అదే పాటిస్తారు. ఇంట్లోనూ అదే చెల్లుతుంది.

ఒక్కో రోజు ఏం చేసినా కుదరదు. జ్వరమో, ప్రయాణమో, ఊరికే చిరాకో. ఆ రోజు ఇరవై సెకన్లే దొరికితే ఇరవై సెకన్లే తోమండి. చేతులు పట్టుకుని, కాళ్ళు అదిమిపెట్టి పూర్తిచేస్తే ఆ రాత్రికి గెలిచినట్టుంటుంది కానీ, మర్నాటి నుంచి బ్రష్షును చూస్తేనే ఏడుపు మొదలవుతుంది. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి స్పర్శ, రుచి, నురుగు మనకన్నా బాగా ఎక్కువగా తెలుస్తాయి. వాళ్ళకు రుచిలేని, నురుగు తక్కువ పేస్టు, రోజూ అదే చోటు, అదే వేళ, చేయబోయే పని వరసగా చూపించే బొమ్మల కార్డులు సాయపడతాయి. మూడువైపులా కుచ్చులున్న బ్రష్షులూ దొరుకుతాయి, కొద్దిసేపట్లో పని పూర్తవుతుంది.

ఇంకో మాట. ‘తోముకోకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి సూది పొడిపిస్తా, పళ్ళన్నీ పీకిస్తా’ అనడం దయచేసి మానండి. ‘పళ్ళలో పురుగులు పాకుతాయి’ అనే బెదిరింపు కూడా. నిజంగా నొప్పి వచ్చి వెళ్ళాల్సిన రోజున ఆ బిడ్డ కుర్చీ దగ్గరే గజగజలాడుతుంది. సాయం చేసే మనిషిని మనమే రాక్షసుడిని చేసి పెట్టాం మరి. మొదటి పన్ను వచ్చాక, ఏడాది నిండేలోపే, ఏ నొప్పీ లేనప్పుడు ఒకసారి చూపించమని పిల్లల దంతవైద్యులు చెప్పేది ఇందుకే. ఆ కుర్చీ పైకీ కిందికీ వెళ్ళడం, చిన్న అద్దం, ‘ఎంత బాగున్నాయమ్మా నీ పళ్ళు!’ అన్న మాట. మొదటి జ్ఞాపకం అదై ఉండాలి.

ఫ్లోరైడ్ అంటే భయపడే నేల

ఫ్లోరైడ్ మాటెత్తితే నల్లగొండ గుర్తుకు రాని తెలుగువాళ్ళుండరు. తాగునీటి ఫ్లోరైడ్‌తో వచ్చే ఫ్లోరోసిస్ మన దేశంలో మొదట బయటపడింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలోనే. నల్లగొండలోని మర్రిగూడ వైపు ఊళ్ళలో వంగిపోయిన నడుములు, గోధుమరంగు చారల పళ్ళు తరాలు చూశాయి. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అన్న పేరే స్థిరపడింది. అలాంటి చోట తల్లి ‘ఫ్లోరైడ్ పేస్టా? వద్దు’ అంటే ఆ భయానికి కారణముంది.

లెక్క చూస్తే ధైర్యమొస్తుంది. మన దేశంలో టూత్‌పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం మించకూడదు. మూడేళ్ళలోపు పిల్లలకు బియ్యపు గింజంత పేస్టు చాలు. అందులో ఉండేది దాదాపు 0.1 మిల్లీగ్రాము. పొరపాటున మొత్తం మింగినా అంతే. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీళ్ళు ఒక్క లీటరు తాగితే దానికి 15 రెట్లు ఒంట్లోకి పోతుంది. ప్రమాదం నీటిలో ఉంది, గింజంత పేస్టులో కాదు. అదే ఫ్లోరైడ్ పంటి పైపూతగా తగిలితే ఎనామిల్ ఆమ్లానికి తట్టుకుంటుంది. మూడు నుంచి ఆరేళ్ళ వరకు బఠాణీ గింజంత పేస్టు చాలు. ప్రకటనల్లో బ్రష్షు పొడవునా వంపులు తిరిగి కనిపించే పేస్టు పిల్లలకు అక్కర్లేదు. తోమాక ఉమ్మేయాలి, నీళ్ళతో గడగడా పుక్కిలించకుండా ఉంటే ఆ పూత కాసేపు పంటిమీద నిలుస్తుంది. మీ ఊరి బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువని తెలిస్తే, పేస్టు ఎంత వాడాలో దంతవైద్యుణ్ణి అడిగి నిర్ణయించుకోండి. ఫ్లోరోసిస్ చారలున్న పిల్లను ‘సరిగ్గా తోముకోవు’ అని మాత్రం తిట్టకండి. అవి పన్ను తయారయ్యే వయసులో లోపల ఏర్పడినవి, ఎంత రుద్దినా పోవు.

పెదవి ఎత్తి చూడండి

వారానికొకసారి పై పెదవి ఎత్తి చిగురు అంచున చూడండి. సుద్ద రాసినట్టు తెల్లటి గీత కనిపిస్తే పుచ్చు మొదలవుతోందన్నమాట. ఆ దశలో ఫ్లోరైడ్, రాత్రి బ్రష్షు, తీపి వేళల అదుపుతో పన్ను మళ్ళీ గట్టిపడుతుంది. గోధుమరంగుకు తిరిగి గుంట పడితే డాక్టరే దిక్కు. అన్నిటికీ డ్రిల్లింగ్ ఉండదు. కదలకుండా కూర్చోలేని చిన్నపిల్లల కోసం సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే ద్రవాన్ని పంటికి పూసి పుచ్చును ఆపుతారు. పుచ్చినచోట నల్లమచ్చ పడుతుంది, నొప్పి ఉండదు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. హైదరాబాద్, విజయవాడ, కడప ప్రభుత్వ దంతవైద్య కళాశాలల్లో పిల్లల దంతవైద్యులు ఉంటారు.

బడులు కూడా కలిసొస్తే పని ఎంత సులువవుతుందో స్కాట్లండ్‌లో కనిపిస్తుంది. అక్కడ 2000ల మొదట్లో అయిదేళ్ళ పిల్లల్లో పుచ్చు లేనివాళ్ళు సగానికి తక్కువ. నర్సరీల్లో టీచర్ల ముందే రోజూ పళ్ళు తోమించే ‘చైల్డ్‌స్మైల్’ కార్యక్రమం 2006లో మొదలయ్యాక, 2020 నాటికి దాదాపు నాలుగింట మూడొంతుల మంది పళ్ళు బాగున్నాయి. మన అంగన్‌వాడీల్లో పిల్లలు వరసగా కూర్చుని చేతులు కడుక్కుని అన్నం తింటారు. అన్నం తిన్నాక పేరు రాసిన ఒక్కో బ్రష్షు, బియ్యపు గింజంత పేస్టు, ఒక పాట. ఖర్చు ఎక్కువేం కాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో దంత సమస్యల పరీక్ష ఎలాగూ ఉంది. పరీక్షించి చీటీ రాయడంతో ఆగకుండా, బ్రష్షు చేతికివ్వడం దాకా అది రావాలి.

ఇక ఆరేళ్ళ దగ్గర మోసపోకండి. ఆ వయసులో పాలపళ్ళన్నిటికీ వెనక, ఏ పన్నూ ఊడకుండానే, పైనా కిందా ఇరువైపులా నాలుగు పెద్ద దవడ పళ్ళు వస్తాయి. ఇవీ పాలపళ్ళేనని చాలామంది అనుకుంటారు. కాదు, అవి జీవితాంతం ఉండాల్సినవి. లోతైన గాళ్ళతో, సగం చిగురు కింద, బ్రష్షు అందని మూలన ఉంటాయి. వచ్చిన ఏడాది రెండేళ్ళలోనే పుచ్చిపోయేవి చాలా. ఆ గాళ్ళను పూడ్చే సీలెంట్ పూత గురించి డాక్టరును అడగండి. సరిగ్గా అప్పుడే ‘ఒకటో తరగతికొచ్చాడుగా, తనే తోముకుంటాడు’ అని మనం చెయ్యి వదిలేస్తాం. ఏడెనిమిదేళ్ళు వచ్చి, బూట్ల లేసు తనే కట్టుకుని, అక్షరాలు గీత దాటకుండా రాసేదాకా ఆ మణికట్టుకు వెనక దవడ తోమే నేర్పు రాదు. పొద్దున వాడే తోముకోనివ్వండి, రాత్రిపూట తోమేది మీరు. ఎనిమిది దాటాక బ్రష్షు వాడికిచ్చేసి, పన్నెండేళ్ళకు రెండో జత దవడ పళ్ళు వచ్చేవరకు వారానికోసారి టార్చి వేసి చూస్తూ ఉండండి.